దూదిపింజకు కాళ్లొస్తే

ప్రశ్న: మేం అమెరికాలో ఆరిజోనా రాష్ట్రం చాండ్లర్‌లో ఉంటాం. వేసవి సాయంత్రాల్లో పెరటి ఇసుక మీద తెల్లటి దూదిపింజలాంటి పురుగు వడివడిగా తిరుగుతోంది. ఒకరు పాండా చీమ అన్నారు, ఇంకొకరు డాసిముటిల్లా గ్లోరియోసా అన్నారు. ఫొటో పంపుతున్నాను. ఏది నిజం? పిల్లలు చెప్పుల్లేకుండా ఆడుకునే చోటు.

జవాబు: పాండా చీమ కాదు. అది చిలీ దేశపు జాతి, నలుపు తెలుపు పట్టీలుగా విడివిడిగా కనిపిస్తాయి. మీ ఫొటోలోది రెక్కల్లేని ఆడ వెల్వెట్ చీమ. పేరుకే చీమ, పుట్టుకకు కందిరీగ. చీమకైతే నడుము దగ్గర నిక్కిన బుడిపె, మోచేతిలా మడిచిన మీసాలు ఉంటాయి. దీనికి ఆ బుడిపె లేదు.

వెల్వెట్ చీమల్లో గ్లోరియోసా అనే జాతి అయ్యే అవకాశం ఎక్కువే. ఒకటిన్నర సెంటీమీటరు పొడవు, ఒళ్లంతా జిల్లేడు దూదిలా పొడవాటి తెల్ల వెంట్రుకలు, వాటి కింద ముదురు రంగు చర్మం: లక్షణాలు సరిపోతున్నాయి. కానీ రంగు చూసి పేరు పెట్టేయడమే ఈ పురుగుల విషయంలో అందరూ చేసే పొరపాటు. ఒకే ఎడారిలో ఉండే వేర్వేరు జాతులు ఒకే వేషం వేస్తాయి. ఒకదాని చేత కుట్టించుకున్న బల్లి ఆ వేషంలో ఉన్న దేన్నీ మళ్లీ ముట్టదు, లాభం అన్నిటికీ. సూడోపాపస్ అనే జాతికి కూడా తెల్ల వెంట్రుకలే (ఆ పేరుకు అర్థమే 'దొంగ దూది'). ఈ తెలుపు రంగు, అక్కడి ఎడారుల్లో పెరిగే క్రియోసోట్ అనే పొద నూగు కాయల్ని అనుకరించడానికే అని చాలాకాలం అనుకున్నారు. ఆ పొద అక్కడి ఎడారులకు చేరకముందే ఈ పురుగులకు తెలుపు వచ్చిందని, ఎండ వేడి తగ్గించుకోవడానికి అది పనికొస్తోందని 2020లో వెలువడిన పరిశోధన తేల్చింది.

జాతి తేల్చడానికి నిపుణులు చూసేవి వేరు: వక్షంతో (తలకీ పొట్టకీ మధ్య భాగంతో) పోలిస్తే తల వెడల్పు, వక్షం వెనక అంచున పొలుసులాంటి చిన్న గట్టు ఉందా లేదా, పొట్ట చివరి పలక మీద గీతలా, గరుకు చుక్కలా. మీరు పైనుంచి తీసిన ఫొటోలో ఇవేవీ కనబడవు. పైగా తెలుపంతా వెలిగిపోయి ముద్దగా పడింది.

మళ్లీ తీసేటప్పుడు వెడల్పు మూతి గాజు సీసా బోర్లించి, కింద గట్టి అట్ట జరిపి పట్టండి. చేత్తో వద్దు, పల్చటి గ్లవ్స్ కూడా నమ్మొద్దు. ముల్లు చాలా పొడవు, ఎటు పట్టుకున్నా వంచి కుడుతుంది. సీసాలోంచి కిచకిచ వినిపిస్తే అది హెచ్చరిక. ఫ్రిజ్‌లో 10 నిమిషాలు పెడితే మందగిస్తుంది. ఫ్రీజర్‌లో పెడితే చచ్చిపోవచ్చు. బయటికి తీశాక కాసేపట్లోనే తేరుకుంటుంది కాబట్టి కెమెరా ముందే సిద్ధం చేసుకోండి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, పొట్ట చివర దగ్గరగా ఒకటి. ఫోన్‌లో పురుగు మీద వేలు నొక్కి వెలుతురు తగ్గించండి, వెంట్రుకలు విడివిడిగా వస్తాయి. కొలతకు పక్కన ఒక సెంటు నాణెం పెట్టండి, దాని వ్యాసం 19 మిల్లీమీటర్లు. అన్నీ కుదిరినా సూక్ష్మదర్శిని కింద చూస్తేనే తేలే సందర్భాలుంటాయి.

మందు కొట్టనక్కర్లేదు. దీనికి పుట్ట లేదు, గుంపు లేదు. నేలలో గూడు కట్టే కందిరీగల, తేనెటీగల బొరియల్లో గుడ్డు పెట్టడానికి వెతుక్కుంటూ తిరుగుతుంది. పిల్లలకు మాత్రం చెప్పులు వేయండి. కుడితే నొప్పి భరించలేనంతగా ఉంటుంది, కానీ విషం తేనెటీగ విషమంత ప్రమాదకరం కాదు. సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టండి. ఊపిరి ఆడకపోయినా, మొహం వాచినా వెంటనే 911కి ఫోన్ చేయండి.

ప్రశ్న: అనంతపురంలో ఎరుపు, నలుపు కలిసిన మఖమల్ పురుగు దొరికింది. ఆరుద్ర పురుగేనా?

జవాబు: కాళ్లు లెక్కపెట్టండి. ఆరుద్ర పురుగుకు ఎనిమిది, ఒళ్లంతా ఒకటే ఎరుపు, నడక నిదానం, కుట్టదు. ఆరు కాళ్లతో, ఎర్రటి వక్షం, నల్లటి పొట్ట మీద తెల్ల చుక్కలతో పరుగెడుతుంటే అది మన వెల్వెట్ చీమ. అరచేతిలో పెట్టుకోవద్దు.