ఈసీలో తాకట్టు కనిపించలేదు, అడ్వాన్సు ఇచ్చేయవచ్చా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో పదేళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంటులో ఒక ఫ్లాటు చూశాం. ధర 80 లక్షలు. అమ్మే ఆయన తనకు ఇంకా 31 లక్షల గృహరుణం ఉందని చెప్పారు, కానీ ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, అంటే ఆస్తి లావాదేవీల రికార్డు) తీయిస్తే అందులో ఏ తాకట్టూ లేదు. 10 లక్షలు అడ్వాన్సు ఇస్తే అగ్రిమెంటు రాసిస్తానంటున్నారు. మేము రుణం అడిగిన బ్యాంకేమో 30 ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనం నివాసానికి యోగ్యమని ఇచ్చే పత్రం) కావాలంటోంది. బ్యాంకు న్యాయవాది ఎలాగూ చూస్తారు కదా, మేము వేరుగా ఎవరికైనా చూపించుకోవాలా? రుణం రాకపోతే అడ్వాన్సు పోయినట్టేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అడ్వాన్సు చేతులు మారకముందే అడిగారు, చాలా మంచి పని చేశారమ్మా. ఆ 10 లక్షలు ఇచ్చేశాక ఇవే ప్రశ్నలు వేస్తే మీకు బేరమాడే బలం ఉండదు.

ముందు ఈసీ సంగతి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టరైన లావాదేవీలే అందులోకి ఎక్కుతాయి. ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ ప్రకారం, హక్కు పత్రాలను బ్యాంకులో పెట్టి అప్పు తీసుకున్నా అది తాకట్టే. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇప్పుడు చాలా బ్యాంకులు ఆ మేరకు ఒక మెమొరాండం రిజిస్టర్ చేయిస్తున్నాయి. చేయించని రుణం మాత్రం ఈసీలో కనిపించదు. మీ అమ్మకందారు తన అప్పు సంగతి దాచలేదు కాబట్టి మీకు తెలిసింది. దాచి ఉంటే ఆ ఈసీ చూసి నిశ్చింతగా ఉండేవారు. అందుకే ఈసీతో పాటు సెర్సాయి రికార్డు కూడా వెతికించండి. బ్యాంకులు, గృహరుణ సంస్థలు తమ తాకట్టులను నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ అది, సాధారణ పౌరులు కూడా నామమాత్రపు రుసుముతో చూసుకోవచ్చు.

ఈసీలోనే ఇంకో చిక్కు ఉంది. ఫ్లాటు నంబరుతో వెతికితే ఫ్లాటు చరిత్రే వస్తుంది, దాని కింద ఉన్న నేల చరిత్ర రాదు. సర్వే నంబరు, ప్లాటు నంబరు, హద్దులతో వేరుగా మరో ఈసీ తీయించాలి. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోనే దరఖాస్తు చేసుకోవాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద నిషేధిత ఆస్తుల జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో అదే రోజు చూసేయండి, పది నిమిషాల పని.

30 ఏళ్లు అన్న లెక్క బ్యాంకు పెట్టే వేధింపు కాదు. తాకట్టు విడిపించుకునే దావాకు కాలపరిమితి చట్టం ఇచ్చిన గడువు 30 ఏళ్లు. ప్రభుత్వం వేసే దావాకూ అంతే. ఆ 30 ఏళ్లలో ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో గొలుసు తెగకుండా కనిపించాలి. మన ఊరి అపార్ట్‌మెంట్లలో ఆ గొలుసు తరచుగా తెగేది ఒకే చోట. స్థలం యజమానులు బిల్డరుకు డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ (కట్టే ఒప్పందం, దానితో పాటు తమ తరఫున వ్యవహరించే అధికార పత్రం) రాసిస్తారు. ఏ ఫ్లాటు ఎవరి వాటాకు వచ్చిందో తరువాత సప్లిమెంటరీ అగ్రిమెంటులో పంచుకుంటారు. మీ ఫ్లాటు యజమానుల వాటాలో ఉండగా దాన్ని బిల్డరు ఒక్కడే సంతకం చేసి అమ్మి ఉంటే, ఆనాటి జీపీఏలో ఆ వాటాను అమ్మే అధికారం అతనికి ఉందా అన్నది చదివి తేల్చుకోవాలి. సప్లిమెంటరీ అగ్రిమెంటు ప్రతి అడగండి. అందులో మీ ఫ్లాటు నంబరు ఉన్న పేజీని, అవిభక్త స్థల వాటా (భవనం కింది నేలలో ఫ్లాటుకు వచ్చే భాగం) ఎన్ని గజాలో రాసిన వరుసను మీ కళ్లతో చూడండి. ఆ గజాలు బిల్డరు రాసిన మొదటి సేల్ డీడులోనూ, ఇప్పుడు మీకు రాయబోయే దానిలోనూ ఒకటే ఉండాలి.

ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ విషయంలో బ్యాంకు పట్టుబట్టడానికి గట్టి కారణమే ఉంది. కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ పరిశీలించిన తరువాతే భవనంపై రుణం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో స్పష్టంగా చెప్పింది. మంజూరైన ప్లాను తెప్పించుకుని ముందు అంతస్తులు లెక్కపెట్టండి. స్టిల్టు (కింద పార్కింగ్‌కు వదిలే అంతస్తు) మీద నాలుగు అంతస్తులకు అనుమతి తీసుకుని ఐదు కట్టిన భవనాలు నగరంలో తక్కువేమీ కాదు. మీరు చూసిన ఫ్లాటు ఆ ఐదో అంతస్తులో ఉంటే బేరం అక్కడితో ఆపేయండి. ధర ఎంత తగ్గించినా వద్దు. ఇంకొకటి: 2012 నాటి జీవో 168 భవన నియమాల ప్రకారం బిల్డరు నిర్మిత విస్తీర్ణంలో 10 శాతాన్ని మంజూరు చేసిన సంస్థకు తాకట్టు పెట్టాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది. సర్టిఫికెట్ తీసుకోని భవనంలో ఆ తాకట్టు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది, మీ ఫ్లాటు ఆ 10 శాతంలో పడితే ఏ బ్యాంకూ ముందుకు రాదు.

ఇక బ్యాంకు న్యాయవాది చూస్తే చాలదా అన్నారు. చాలదు. ఫీజు మీ దగ్గరే వసూలు చేసినా ఆయన అభిప్రాయం రాసేది బ్యాంకుకు. తన అప్పుకు ఈ ఆస్తి సరిపోతుందా అన్నదే బ్యాంకు ప్రశ్న. రేపు హక్కులో లోపం బయటపడినా మీ కిస్తు ఆగదు, మీరు పెట్టిన సొంత డబ్బు గురించి బ్యాంకును అడగలేరు. పార్కింగ్ స్థలం సేల్ డీడులో రాసి ఉందా, లోపల అద్దెకున్న వారు ఖాళీ చేస్తారా, సంఘానికి బకాయిలున్నాయా, ఇదే ఫ్లాటుకు ఇంకెవరికైనా అగ్రిమెంటు రాసిచ్చారా అన్నవి సాధారణంగా ఆయన నివేదికలోకి రావు. మీ తరఫున ఒక న్యాయవాదిని పెట్టుకోండి. అభ్యంతరాలుంటే తెలపాలని ఒక తెలుగు, ఒక ఇంగ్లిషు పత్రికలో ప్రకటన ఇప్పించమనండి.

డబ్బు లెక్క కూడా ముందే వేసుకోండి. రిజర్వు బ్యాంకు పరిమితుల ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉన్న రుణానికి ఆస్తి విలువలో 80 శాతమే గరిష్ఠం. మీ విషయంలో 64 లక్షలు. కానీ సాధారణంగా బ్యాంకు ఒప్పంద ధర, తన వాల్యుయర్ కట్టిన విలువ, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని తీసుకుంటుంది. వాల్యుయర్ 72 లక్షలే కడితే రుణం 57.6 లక్షలకు దిగుతుంది, మీరు 16 లక్షలకు బదులు 22.4 లక్షలు తెచ్చుకోవాలి. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే మరో 6 లక్షలు. దీనికి బ్యాంకు రుణం ఇవ్వదు. ధర 50 లక్షలకు తక్కువ కాదు కాబట్టి ప్రతి చెల్లింపులోనూ 1 శాతం టీడీఎస్ పట్టి ప్రభుత్వానికి కట్టే బాధ్యత మీదే. 10 లక్షలు ఇస్తే 10,000 పట్టుకోవాలి. బ్యాంకు నేరుగా ఇచ్చే సొమ్ముకు కూడా ఇది వర్తిస్తుంది కనుక మొత్తం 80,000 ముందే లెక్కలో పెట్టుకోండి. కొంత నగదుగా ఇమ్మంటే ఒప్పుకోకండి. స్థిరాస్తి లావాదేవీలో 20,000 అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. పైగా పత్రంలో చూపని ధరకు రుణమూ రాదు.

ఆయన పాత రుణం తీర్చే పద్ధతి అన్నింటికంటే ముఖ్యం. ఆయన బ్యాంకు నుంచి రెండు కాగితాలు తెప్పించండి: నేటి వరకు బకాయి ఎంతో చెప్పే లేఖ, తన దగ్గరున్న ఒరిజినల్ పత్రాల జాబితా. మీ బ్యాంకు ఆ బకాయి మొత్తాన్ని అమ్మకందారు చేతికి కాకుండా ఆయన రుణ ఖాతా నంబరు రాసిన డీడీగా ఆ బ్యాంకుకే ఇవ్వాలి, మిగిలింది ఆయనకు. మీరు ఇచ్చే అడ్వాన్సులో పెద్ద భాగం కూడా ఆ రుణ ఖాతాకే వెళ్లాలి. చలన వడ్డీ గృహరుణాన్ని ముందుగా తీర్చినందుకు వ్యక్తుల నుంచి బ్యాంకులు అపరాధ రుసుము తీసుకోకూడదు కాబట్టి ఆయనకు నష్టం లేదు. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇవ్వాలి, ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున పరిహారం చెల్లించాలి. 2023 డిసెంబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు అమలు చేస్తున్న నియమం ఇది. అయితే ఆ పరిహారం దక్కేది రుణం తీసుకున్న ఆయనకు, మీకు కాదు. ఒరిజినల్స్ వచ్చేదాకా మీ బ్యాంకు ఆగుతుందా అన్నది ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.

చివరగా, అడ్వాన్సు పోతుందా? అగ్రిమెంటులో ఏం రాసుకున్నారన్న దాని మీద ఉంటుంది. బయానా అని రాసి, కొనేవారి తప్పు వల్ల ఒప్పందం రద్దయితే జప్తు అని ఉంటే కోర్టులు దాన్ని సమర్థించిన సందర్భాలున్నాయి. హక్కులో లోపం వల్ల మీరు వెనక్కి తగ్గితే, కట్టిన సొమ్ము మేరకు ఆస్తి మీద మీకు ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ కింద ఛార్జి, అంటే ఆ ఆస్తి నుంచి సొమ్ము రాబట్టుకునే హక్కు, ఉంటుంది. కానీ ముందున్న బ్యాంకు తాకట్టు తరువాతే దాని వంతు, పైగా దానికోసం కోర్టుల చుట్టూ తిరగాలి. అందుకని ఈ వాక్యం తప్పక రాయించండి: “హక్కులో లోపం వల్లగాని, మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వంటి పత్రాలు లేనందువల్లగాని కొనుగోలుదారుకు బ్యాంకు రుణం నిరాకరిస్తే, అందుకున్న మొత్తాన్ని అమ్మకందారు 15 రోజుల్లో తిరిగి చెల్లించాలి.” మీ ఆదాయం, సిబిల్ స్కోరు కారణంగా రుణం ఆగితే ఈ వాక్యం కాపాడదు. కనుక సూత్రప్రాయ మంజూరు లేఖ చేతిలోకి వచ్చాకే అగ్రిమెంటుకు కూర్చోండి.

ఇప్పటికి 10 లక్షలు వద్దు. లక్షో రెండు లక్షలో చెక్కుగా ఇస్తామని చెప్పి, దానికన్నా ముందు బకాయి లేఖ, పత్రాల జాబితా, ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ల నకళ్లు అడగండి. వారం రోజుల్లో ఇవ్వగలిగిన కాగితాలే ఇవి. ఫ్లాటు దంపతులిద్దరి పేరున ఉంటే అగ్రిమెంటు మీద ఆవిడ సంతకం కూడా అదే రోజు తీసుకోండి, రిజిస్ట్రేషన్ నాటికి చేస్తారులే అని వదిలేయకండి.