ఉద్దానం కొబ్బరిపై నలుపు తెగులు కాదు, తెల్లదోమ

ప్రశ్న: మాకు ఎకరంన్నర కొబ్బరి తోట ఉంది. ఆకులు మసి పూసినట్టు నల్లబడ్డాయి. నల్ల తెగులని షాపులో ఇచ్చిన బూజు మందు మూడుసార్లు కొట్టించాను. నెల తిరక్కుండా మళ్లీ వస్తోంది. పక్క పంచాయతీ తోటల్లో ఎవరూ ఏమీ కొట్టడం లేదు. ఇంకా గట్టి మందు చెప్పండి.
– ఒక రైతు, కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ తోటకు తెగులు లేదు. ఒక ఆకు దించి తిరగేయండి. అడుగున తెల్లటి మైనం సుడులు సుడులుగా ఉంటే అది సర్పిలాకార తెల్లదోమ. అది వదిలే జిగురు కింది ఆకులపై పడి, దాని మీద మసి బూజు పెరుగుతుంది. బూజు మందుకు దోమ చావదు. మూడుసార్ల డబ్బూ షాపుకు పోయింది. ఈసారి మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు అంటగడతారు, తీసుకోకండి.

మన దేశంలో ఈ దోమను 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో గుర్తించారు. దాని పిల్ల పురుగుల్లో గుడ్లు పెట్టే ఎన్‌కార్సియా అనే కందిరీగ ఒకటుంది, సూది మొనంత. పురుగుమందు కొడితే ముందు చచ్చేది అదే. దోమ పిల్లలు నల్లబడితే కందిరీగ పని చేస్తున్నట్టు. ఆ ఆకు ముక్కలు కోసి, కందిరీగ లేని తోటల్లో కట్టండి.

ముందు పవర్ స్ప్రేయర్‌తో ఆకు అడుగు తడిసేలా ఉత్త నీళ్లు జోరుగా కొట్టండి. రెండు రోజులాగి, లీటరు నీటికి 5 గ్రాముల ఐసేరియా ఫ్యూమోసోరోసియా అనే, దోమను చంపే జీవ మందు కలిపి సాయంత్రం 4 దాటాక పిచికారీ చేయండి. 15 రోజులకు మరోసారి. ఇదీ శిలీంధ్రమే, బూజు మందు తగిలితే చస్తుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో తయారు చేస్తారు. అది దొరక్కపోతే లీటరుకు 10 మి.లీ. వేపనూనె, 10 గ్రాముల డిటర్జెంట్ పొడి. మసి ఊడడానికి గంజి నీళ్లు చాలు.

అసలు సంగతి మీ ప్రశ్న చివర్లో ఉంది. పక్క పంచాయతీ తోటలు అలాగే ఉంటే మీ శ్రమంతా వృథా. దోమకు మీ సర్పంచి, వాళ్ల సర్పంచి తేడా తెలియదు. ఆనుకుని ఉన్న మూడు నాలుగు పంచాయతీలు గ్రామసభల్లో ఒకే తీర్మానం చేసి, పిచికారీకి ఒకే వారం పెట్టుకోవాలి. ఎత్తు చెట్లకు అందే స్ప్రేయర్ తలా కొంత వేసుకుని అద్దెకు తెచ్చుకోండి. తేదీలు కుదర్చడానికి రైతు సేవా కేంద్రంలో ఉండే ఉద్యాన సహాయకుల్ని కూర్చోబెట్టండి. ఉద్దానంలో పెద్ద చిక్కు, యజమాని వలస వెళ్లిపోయి పట్టించుకోని తోటలు. ఫోన్‌లో ఒప్పించి ఆ తోటలూ కలపాలి. పెరట్లోని అరటి, జామ కూడా వదలొద్దు, దోమ వాటి మీదా బతుకుతుంది.

2018 తిత్లీ తుపానులో పడిపోయిన చెట్ల చోట ఇప్పటికీ బయటి నర్సరీల మొక్కలు నాటుతున్నారు కదా. ఏ పంచాయతీలో లోడు దిగినా మొక్కలు తిరగేసి చూసే మనిషి ఒకరు ఉండాలి. సుడి కనిపిస్తే లోడు వెనక్కే.

ఈసారి రాసేటప్పుడు ఆకు అడుగు భాగం ఫోటో పంపండి. మీరు పంపిన మూడూ పైభాగమే.