రాడ్డును ఎముకకు దూరం చెయ్యకు

అమ్మాయికి ఆశీస్సులు.

"ఫిక్సేటర్‌లో ఏముంది బాబాయ్, నాలుగు పిన్నులు, ఒక రాడ్డు" అన్నావు నిన్న ఫోన్లో, విరిగిన ఎముకలోకి పిన్నులు దించి చర్మం బయట రాడ్డుకి బిగించే ఆ చట్రం గురించి. పీజీలో నేనూ అలాగే అనుకున్నా. అర్ధరాత్రి లారీ గుద్దిన కేసు, టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) ఓపెన్ ఫ్రాక్చర్, అంటే గాయం విరిగిన ఎముకదాకా తెరుచుకుంది. రాడ్డు చర్మానికి నాలుగు వేళ్ల ఎడంగా పెట్టా, పిన్నులు రెండేసి పక్కపక్కనే దించేశా. ఎక్స్‌రేలో ముచ్చటగానే ఉంది. మూడో వారం డ్రెస్సింగ్‌కని కాలెత్తితే, విరిగినచోట కదలిక కంటికే కనబడింది. పిన్నుల చుట్టూ చీము.

మా సారు తిట్టలేదు. స్టీలు స్కేలు బల్ల అంచున అదిమిపట్టి, చివర నొక్కమన్నారు. జానెడు బయటికుంటే ఊగింది. సగం లోపలికి జరిపితే నా వేలే నొప్పెట్టింది. బయటున్న పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లు. పిన్నుదీ అదే కథ. వాపు కోసం చర్మానికీ రాడ్డుకీ మధ్య రెండు వేళ్ల సందు వదిలితే చాలు.

పిన్ను లావు సంగతైతే నాలుగో ఘాతం లెక్క. 4 మి.మీ. బదులు 5 వేస్తే గట్టిదనం దాదాపు రెండున్నర రెట్లు. అలాగని దొరికిందల్లా లావుది వేసేయకు. రంధ్రం ఎముక మందంలో మూడో వంతు దాటిందంటే అక్కడే విరుగుతుంది.

ప్రతి ముక్కలో ఒక పిన్ను విరుపుకి దగ్గరగా (అయినా రెండు సెంటీమీటర్లు వదులు), ఇంకోటి వీలైనంత దూరంగా. రేపు ఎముకకి లోపల ప్లేటు వేసేవాళ్ల కోత ఎక్కడొస్తుందో కూడా చూసుకో. 5 మి.మీ. పిన్నుకి ముందు 3.5 డ్రిల్లు, నెమ్మదిగా, సెలైన్ పోస్తూ. మాడిన ఎముక పిన్నుని పట్టి ఉంచదమ్మా. నా కేసులో అదీ జరిగే ఉంటుందని నా అనుమానం.

ఎముక చివరలు ఆనుకున్నాయా, బరువులో వాటా ఎముకే మోస్తుంది. మధ్యలో ముక్క ఎగిరిపోయిందా, మొత్తం నీ ఇనుమే మొయ్యాలి. అలాంటప్పుడు రెండో రాడ్డుకి పిసినారితనం చెయ్యకు.

సీ-ఆర్మ్‌లో (ఆపరేషన్ బల్ల దగ్గరి ఎక్స్‌రే) చూసుకున్నాక, పిన్నుని రాడ్డుకి పట్టి ఉంచే ప్రతి క్లాంపూ ఇంకోసారి బిగించు. తర్వాత రాడ్డు పట్టుకుని కాలు పైకెత్తి చూడు. ఏదైనా జారితే అప్పుడే జారాలి, స్పానర్ ఇంకా నీ చేతిలోనే ఉంటుంది.

మీ బాబాయ్