ఆయుధాలు మారితే యుద్ధంలో ఏం మారింది? కొండ ఎక్కే పని తప్పింది

"ఆయుధాల టెక్నాలజీ పెరిగాక యుద్ధం స్వభావం ఎలా మారింది?" అని అడిగారు. దీనికి చాలామంది కత్తి, ఫిరంగి, ట్యాంకు, అణుబాంబు అని వరసపెట్టి, మెట్టు మెట్టుకీ చంపే శక్తి పెరిగిందని చెప్తారు. పెరిగింది, కాదనను. కానీ నన్నడిగితే అసలు సంగతి అది కాదు. ఎవడు ఎవణ్ని ముందు చూశాడన్నదే యుద్ధం. చూడాలంటే ఎత్తు మీద ఉండాలి. వందల ఏళ్లు సైన్యాలు చచ్చింది ఆ ఎత్తు కోసమే. ఇప్పుడది డ్రోన్ రూపంలో, ఆన్‌లైన్లో ఆర్డర్ పెడితే వచ్చే సరుకైపోయింది.

ఈ మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. బుడమేరు వరదల్లో, విజయవాడ సింగ్ నగర్లో మా మేనమామ గారి డాబా మీద నాకు తట్టింది.

మావయ్య ఆర్మీలో హవల్దారుగా రిటైరయ్యాడు. ఆర్టిలరీ, అంటే ఫిరంగుల దళం. కార్గిల్ యుద్ధం అప్పుడు బోఫోర్స్ గన్ మీద పని. ఒక్కో గుండు 40 కిలోల పైనే. అవి ఎత్తీ ఎత్తీ నడుం పోయింది, ఆ మోతకి ఎడమ చెవి పోయింది. 2024 సెప్టెంబర్లో నీళ్లొచ్చినప్పుడు నేను వాళ్లింట్లోనే ఇరుక్కుపోయాను. కింది వాటా మునిగింది. కరెంటు లేదు, ఫోన్లు చచ్చాయి. బోట్లు మెయిన్ రోడ్డు దాకా వచ్చి అటునుంచి అటే పోయేవి. మా సందులోకి వచ్చిన పాపాన పోలేదు. వరద సాయం ఎప్పుడూ మెయిన్ రోడ్డు ఇళ్లవాళ్లకే లెండి. అక్కడ వాటర్ ప్యాకెట్లు కాళ్ల కింద పడి చితికిపోతుంటాయి, లోపలి సందుల్లో గుక్కెడు నీళ్లుండవు. ఆ రోజుల్లో పాల ప్యాకెట్ ఎంతకి అమ్మారో తలుచుకుంటే ఇప్పటికీ బీపీ పెరుగుతుంది.

అలాంటప్పుడు ఒక మధ్యాహ్నం డ్రోన్ వచ్చింది. గవర్నమెంటు అప్పట్లో భోజనం ప్యాకెట్లు డ్రోన్లతో వేయించింది, మీకూ గుర్తుండే ఉంటుంది. వీధి చివర కనపడింది, డాబాలన్నీ ఒక చూపు చూసుకుంటూ వచ్చి సరిగ్గా మా నెత్తిన ఆగింది. పిల్లలు కేకలు, అత్తయ్య చీర కొంగు ఊపుతోంది, అందరం దాని కిందకి పరిగెత్తాం. మావయ్య ఒక్కడే ఎదురు దిశలో పోయి వాటర్ ట్యాంకు నీడలో గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఏంటి మావయ్యా, భయపడ్డావా?" అన్నాను, పులిహోర ప్యాకెట్ చేతిలో పెడుతూ.

"భయం కాదురా. మనం ఇక్కడున్నామని దానికి ఎంతసేపట్లో తెలిసిందో చూశావా? అదే ముక్క తెలుసుకోడానికి కార్గిల్లో మాకు తోలోలింగ్ కొండ కావాల్సొచ్చింది."

ఆ తర్వాత మాట్లాడటం తప్ప చేసేదేమీ లేదు కాబట్టి అంతా చెప్పాడు. ఫిరంగి దగ్గర ఉండేవాడికి మామూలుగా తను కొట్టేది కనపడదట. గన్లు కొండ వెనకాల ఉంటాయి. ముందు ఎక్కడో ఎత్తు మీద ఒక ఆఫీసరు బైనాక్యులర్, రేడియో సెట్ పట్టుకుని కూర్చుంటాడు. ఆ చోటుని ఓపీ, అంటే అబ్జర్వేషన్ పోస్ట్ అంటారు. కుడికి 100, ముందుకి 200 అని ఆయన సెట్లో చెప్తుంటే వీళ్లు సరిచేసుకుని కొడతారు. ఆ ఒక్క మనిషి లేకపోతే అంత పెద్ద గన్నూ గుడ్డిదే.

1999లో పాకిస్తాన్ వాళ్లు చేసిందీ ఇదే. తోలోలింగ్ మీదకెక్కి కూర్చున్నారు. కింద శ్రీనగర్–లేహ్ హైవే, ద్రాస్ ఊరు, మన లారీలు అన్నీ వాళ్లకి కనపడుతున్నాయి. పైనుంచి ఒకడు సెట్లో చెప్తే అవతలి నుంచి గుండ్లు సరిగ్గా రోడ్డు మీద పడేవి. లారీలు రాత్రిపూట లైట్లు ఆర్పుకుని నడిచాయి. ఆ శిఖరం నుంచి వాళ్లని దింపడానికి మూడు వారాల పోరు పట్టింది. చివరికి జూన్ 13న రాజ్‌పుతానా రైఫిల్స్ రెండో బెటాలియన్ చేతికొచ్చింది. హైదరాబాద్ నుంచి వెళ్లిన మేజర్ పద్మపాణి ఆచార్య ఆ పటాలంలోనే ఉండి, జూన్ 28న ఇంకో శిఖరం కోసం జరిగిన పోరులో చనిపోయారు. మొత్తం యుద్ధంలో మనవాళ్లు 527 మంది పోయారు. ఫిరంగులు 2.5 లక్షలకు పైగా గుండ్లు, రాకెట్లు కురిపించాయి. బోఫోర్స్‌ని రోడ్డు పక్కకి లాక్కొచ్చి, శిఖరాన్ని కళ్లతో చూస్తూ నేరుగా కూడా కొట్టారు. పల్చటి గాలిలో గుండు మామూలు కంటే దూరం పోయేదని, లెక్కలన్నీ మళ్లీ వేసుకున్నామని మావయ్య చెప్తుంటే నా చేతిలో పులిహోర అలాగే ఉండిపోయింది.

అప్పుడు తట్టింది నాకు. మన చుట్టుపక్కలే చూడండి. కొండపల్లి కోట కొండ మీద, కొండవీడు కోట కొండ మీద. రెడ్డిరాజులకి కింద చదును నేల దొరక్కనా? గుంటూరు నుంచి చిలకలూరిపేట పోతుంటే హైవే మీద నుంచే కనపడుతుంది కొండవీడు. అంటే పైవాడికి ఈ దారంతా కనపడేదన్నమాట. 1515లో కృష్ణదేవరాయలంతటివాడు కూడా ముట్టడి వేసి కింద కూర్చోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఘాట్ రోడ్డు వేశారు, కార్లో పైదాకా పోయి సెల్ఫీ దిగి రావచ్చు. పైన ఏం జరిగిందో నాలుగు ముక్కలు తెలుగులో రాసి పెట్టడానికి మాత్రం మనకి బద్ధకం.

టెక్నాలజీ చరిత్ర కూడా ఇదే చెప్తోంది. 1794లో ఫ్లూరస్ యుద్ధంలో ఫ్రెంచివాళ్లు బెలూన్ ఎగరేసింది శత్రువుని చూడటానికి. 1914లో విమానాలు యుద్ధానికి పోయింది ముందు బాంబులు వేయడానికి కాదు, పైనుంచి చూసి వచ్చి చెప్పడానికి. అవతలివాడి విమానం మనల్ని చూడకుండా కూల్చాలి కాబట్టే విమానం మీద మెషిన్ గన్ ఎక్కింది. ఇక అణుబాంబు వచ్చాక యుద్ధాలు ఆగిపోయాయనేవాళ్లకి ఒక్కటే చెప్తా. మనం 1998 మే 11న పోఖ్రాన్‌లో పేల్చాం, పాకిస్తాన్ వాళ్లు అదే నెల 28న చాగైలో పేల్చారు. ఏడాది తిరక్కుండానే కార్గిల్.

ఉక్రెయిన్‌లో జరుగుతున్నది చూస్తే మిగతాది అర్థమవుతుంది. మంచి స్మార్ట్‌ఫోన్ ఖరీదు చేసే డ్రోన్ కోట్ల రూపాయల ట్యాంకుని కాల్చేస్తోంది. దాని రేడియో సిగ్నల్ జామ్ చేస్తే, వెనకాల కిలోమీటర్ల పొడవు సన్నటి ఫైబర్ దారం కట్టి వదులుతున్నారు. రోడ్ల పైన పందిళ్లలా చేపల వలలు కట్టుకుంటున్నారు, డ్రోన్ చిక్కుకుంటుందని. రాత్రుళ్లు వచ్చి బాంబులు జారవిడిచే పెద్ద డ్రోన్లకి రష్యన్ సైనికులు బాబా యాగా అని వాళ్ల కథల్లో మంత్రగత్తె పేరు పెట్టుకున్నారు. అవి గుంటూరు మిర్చి చేలల్లో మందు కొట్టే డ్రోన్లకి పెద్దన్నలే. గాల్లోకి లేచే ఏ వస్తువైనా ఇప్పుడు తోలోలింగే.

2025 మేలో పాకిస్తాన్ డ్రోన్లు గుంపులుగా వచ్చినప్పుడు మావయ్య టీవీ ముందు నుంచి లేవలేదు. టీవీ వాళ్ల సైరన్లు, గ్రాఫిక్స్ సంగతి చెప్పక్కర్లేదు, అన్నం కూడా యుద్ధరంగంలో తిన్నట్టే ఉండేది. వాటిని కూల్చినవాటిలో విమానాల్ని కొట్టే పాత ఎల్-70 గన్లు కూడా ఉన్నాయని విని ఆయన మురిసిపోయాడు. అదీ బోఫోర్స్ డిజైనే మరి. "చూశావా, పాత గన్నే కాపాడింది" అంటాడు.

నా వాదన మాత్రం ఆయన ససేమిరా ఒప్పుకోడు. "చూస్తే సరిపోతుందా? చలికాలం మంచులో ఆ కొండ మీద కాపలా ఎవరుంటారు, నీ డ్రోనా?" అంటాడు. అక్కడా కెమెరా పెడతారంటే, "జెండా కూడా కెమెరాకిచ్చి పంపు" అంటాడు. మేమిలా వాదించుకుంటుంటే అత్తయ్య ఒకటే అడుగుతుంది: పైనుంచి డాబా మీద మనుషులు అంత బాగా కనపడినప్పుడు, నష్టం రాసుకోడానికి ఇంటికొచ్చినవాళ్లకి కింది వాటాలో మునిగిన ఫ్రిజ్, బీరువా ఎందుకు కనపడలేదని. పరిహారం జాబితాలో మా వాళ్ల పేరు ఇప్పటికీ లేదు.