జ్యూరీ సమన్లు వస్తే ఉద్యోగానికి ఇబ్బందా? టెక్సస్‌లో నా అనుభవం

ఇర్వింగ్‌లో ఉంటున్న మీకు పౌరసత్వం వచ్చిన ఏడాదికే జ్యూరీ సమన్లు (కేసు విని తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందంలో కూర్చోమని కోర్టు పంపే పిలుపు) వచ్చాయనీ, గ్రీన్ కార్డు మీద ఉన్న మీ శ్రీమతికి కూడా వచ్చాయనీ, వెళితే ఉద్యోగానికి, వెళ్లకపోతే చట్టానికి భయపడవలసి వస్తోందనీ రాశారు. మన దేశంలో 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చాక జ్యూరీకి చోటు లేకుండా పోయింది కాబట్టి, మన ఇళ్లలో దీని గురించి చెప్పే పెద్దలు ఉండరు. నేను 2024లో డాలస్ కౌంటీలో మూడు రోజులు జ్యూరీలో కూర్చున్నాను.

ముందు మీ శ్రీమతి విషయం చూడండి, ఎందుకంటే పొరపాటు జరిగితే ఎక్కువ నష్టం ఆమెకే. టెక్సస్‌లో జ్యూరీ జాబితాను ఓటర్ల పేర్లతోపాటు డ్రైవింగ్ లైసెన్సు, రాష్ట్ర గుర్తింపు కార్డు ఉన్నవారి పేర్లతో కూడా తయారు చేస్తారు. అందుకే పౌరులు కానివారికీ సమన్లు వస్తుంటాయి. అర్హత మాత్రం అమెరికా పౌరులకే. ఆమె ఆ కాగితాన్ని పక్కన పడేయకుండా, పౌరురాలిని కానని గుర్తు పెట్టి, సంతకం చేసి గడువులోగా పంపాలి. తొందరలో పౌరురాలినని గుర్తు పెడితే అది తప్పుడు ప్రకటన అవుతుంది; దానికి ఇమిగ్రేషన్ చట్టంలో పర్యవసానాలు చాలా కఠినంగా ఉంటాయి. పౌరులం కామని చెప్పినవారి పేర్లు ఓటర్ల నమోదు అధికారులకు వెళతాయి కనుక, లైసెన్సు ఆఫీసులో పొరపాటున ఓటరుగా నమోదైనవారు ఎవరైనా ఉంటే ముందుగా లాయరును కలవడం మంచిది.

ఇక ఉద్యోగం. సమన్లు అందిన సాయంత్రమే ఫోన్ చేస్తే, మా మేనేజరు "ఆ వారమే రిలీజ్ ఉంది, ఒంట్లో బాగాలేదని రాసి తప్పించుకోండి" అన్నారు. నేను ఒప్పుకోలేదు. సమన్లకు హాజరు కాకపోయినా, మినహాయింపు కోసం తెలిసి అబద్ధం రాసినా, 100 నుంచి 1000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. సమన్ల కాపీ జతచేసి హెచ్‌ఆర్‌కు మెయిల్ పంపాను. జ్యూరీ సెలవుకు జీతం ఇచ్చే పాలసీ మా కంపెనీలో ఉందని అప్పుడే తెలిసింది. నోటిమాటతో ఊరుకోకుండా మీరు కూడా రాతపూర్వకంగా తెలియజేయండి. నిజంగా ఆ వారం కుదరకపోతే తేదీ మార్చమని కోర్టునే అడగవచ్చు.

జ్యూరీకి వెళ్లిన కారణంగా పర్మనెంట్ ఉద్యోగిని తొలగించడం, తొలగిస్తామని బెదిరించడం టెక్సస్ చట్టం ప్రకారం నేరం. అలా ఉద్యోగం పోగొట్టుకున్నవారు తిరిగి అదే ఉద్యోగాన్నీ, ఒకటి నుంచి ఐదేళ్ల జీతానికి సమానమైన పరిహారాన్నీ కోరవచ్చు. చట్టంలో ఉన్నది "పర్మనెంట్" అన్న మాట కాబట్టి, కన్సల్టెన్సీ ద్వారా గంటల లెక్కన పనిచేసేవారు తమ కాంట్రాక్టును జాగ్రత్తగా చదువుకోవాలి. సమన్లు రాష్ట్ర కోర్టు నుంచి కాక ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కోర్టు నుంచి వస్తే రక్షణ ఫెడరల్ చట్టం ఇస్తుంది, భత్యం రోజుకు 50 డాలర్లు.

ఉద్యోగానికి ఉన్న ఈ రక్షణ జీతానికి లేదు. టెక్సస్‌లో ప్రైవేటు కంపెనీ జ్యూరీ రోజులకు జీతం ఇవ్వాలన్న నిబంధన లేదు. ఓవర్‌టైమ్ వర్తించని నెల జీతగాళ్లకు మాత్రం, ఆ వారంలో కొంతైనా పనిచేసి ఉంటే, జ్యూరీకి వెళ్లినందుకు జీతం కోయకూడదని ఫెడరల్ నియమం ఉంది; కోర్టు ఇచ్చిన భత్యం మేరకు తగ్గించుకోవచ్చు. 2023 సెప్టెంబరు నుంచి రాష్ట్రంలో మొదటి రోజుకు కనీసం 20 డాలర్లు, తర్వాత రోజుకు 58 డాలర్లు ఇస్తున్నారు. మూడు రోజులకు నాకు 136 డాలర్లు వచ్చాయి.

మాది రోడ్డు ప్రమాదం కేసు, ఆరుగురి జ్యూరీ. నా పక్కన కూర్చున్నాయన గంటల లెక్కన పనిచేసే మనిషి. రెండో రోజు మధ్యాహ్నం విరామంలో శాండ్‌విచ్ పొట్లం విప్పకుండా ఒళ్లో పెట్టుకుని, పోయిన షిఫ్టులను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. అయినా విరామం ముగియగానే నోట్సు తెరిచి, సాక్షి చెప్పిన ప్రతి మాటా రాసుకున్నారు. అలాంటివారి జీతం బాధ్యత ఎవరికీ లేకపోవడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

చివరి రోజు బయలుదేరే ముందు క్లర్కును అడిగి హాజరు పత్రం తీసుకోండి, మరునాడే పనిలోకి వస్తున్నానని ఆఫీసుకు మెయిల్ పెట్టండి. తిరిగి వెళ్లాక మా హెచ్‌ఆర్ నన్ను అడిగింది ఆ పత్రం ఒక్కటే.