తెల్లనివన్నీ నుక్రాలు కావు

ప్రశ్న: మాది తిరుపతి జిల్లా చంద్రగిరి మండలం. కొండవాలు మామిడి తోటలో కాయలు మోయించడానికి రెండు కంచర గాడిదలను, పెళ్లి ఊరేగింపులకు అద్దెకివ్వడానికి రెండు గుర్రాలను ఉత్తరాది నుంచి వచ్చిన వ్యాపారి దగ్గర కొన్నాను. తెల్లది నుక్రా జాతి అనీ, ఎర్ర ఒళ్లు, నల్ల జూలు ఉన్నది అసలు మార్వారీ అనీ చెప్పాడు. కంచర గాడిదల్లో ఒకటి ముదురు గోధుమ రంగు, రెండోది బూడిద రంగు. బీమా కాగితాల్లో జాతి, రంగు ఏమని రాయాలి? ఎర్ర గుర్రం మెడ మీద సుడి ఉందని ఇంట్లో పెద్దవాళ్లు భయపడుతున్నారు. ఫోటోలు పంపుతున్నాను.

జవాబు: ముందు తెల్ల గుర్రం సంగతి చూద్దాం. మీరు ఎక్కువ డబ్బు పెట్టింది దానికే అయి ఉంటుంది. నుక్రా అనేది జాతి పేరు కాదు, రంగు పేరు. పుట్టుకతోనే వెంట్రుకలు తెల్లగా ఉండి, కింద చర్మం గులాబీ రంగులో ఉంటే దాన్ని నుక్రా అంటారు. ఆ రంగు రాజస్థాన్‌కు చెందిన మార్వారీ జాతిలో కనిపిస్తుంది, ఏ జాతికీ చెందని సంకర గుర్రాల్లోనూ కనిపిస్తుంది. సంతల్లో దాన్ని జాతిగా చెప్పి ధర పెంచడం మామూలైపోయింది. మన వైపు తెల్లగా, పొట్టిగా ఉన్న ప్రతి ఆవునూ పుంగనూరు అని అమ్మజూపడం మీరు చూసే ఉంటారు. ఇదీ అలాంటిదే.

మీ ఫోటోల్లో ఈ గుర్రం ముక్కుపుటాల చుట్టూ, కళ్ల చుట్టూ చర్మం నల్లగా ఉంది. ఒకసారి డొక్క మీద వెంట్రుకలను నీళ్లతో తడిపి, పాయ తీసి చూడండి. అక్కడ కూడా చర్మం నల్లగా ఉంటే అది నుక్రా కాదు. వ్యాపారులు సబ్జా అనే రంగు అది. అలాంటి గుర్రం నల్లగానో ఎర్రగానో పుట్టి, ఏటేటా కొంచెం కొంచెంగా నెరుస్తూ చివరికి పాలలా తెల్లబడుతుంది. దీని వల్ల నష్టమేమీ లేదు. పైగా మన రోహిణి కార్తె ఎండల్లో నల్ల చర్మమే మేలు. గులాబీ చర్మం ముక్కు దగ్గర, కళ్ల దగ్గర కమిలి పుండ్లు పడుతుంది. అయితే నెరిసిన గుర్రాలకు వయసు మీరాక తోక కింద, మలద్వారం చుట్టూ నల్లటి గడ్డలు రావడం చాలా సాధారణం. నెలకోసారి తోక ఎత్తి చూస్తూ ఉండండి. కాగితంలో దీని రంగు 'నెరిసిన తెలుపు, చర్మం నలుపు' అని రాయండి.

ఎర్ర గుర్రం దగ్గర రంగును పక్కన పెట్టి చెవులు చూడాలి. మార్వారీ గుర్రం చెవులు లోపలికి వంపు తిరిగి, నిటారుగా నిక్కినప్పుడు కొనలు ఒకదాన్నొకటి తాకుతాయి. ముఖం పొడవుగా, పక్కనుంచి చూస్తే తిన్నగా గానీ కాస్త ఉబ్బెత్తుగా గానీ ఉంటుంది. గుజరాత్‌కు చెందిన కాఠియావాడీకి చెవుల వంపు ఇంకా ఎక్కువ, కానీ ముఖం కళ్ల కింద లోపలికి నొక్కినట్టు ఉంటుంది, ఒళ్లూ చిన్నది. కచ్ఛీ–సింధీకి ముక్కు దూలం ఉబ్బెత్తుగా ఉంటుంది, చెవులు వంగినా కొనలు కలవవు. మీరు పంపిన ఫోటోలో మీ గుర్రం చెవులు తిన్నగా, విడివిడిగా ఉన్నాయి. అయితే విసుగ్గా ఉన్న గుర్రం చెవులు వెనక్కి వాల్చేస్తుంది కాబట్టి ఒక్క ఫోటోతో తీర్పు చెప్పలేను. ఎదురుగా నిలబడి దాణా డబ్బా గలగలలాడించండి. చెవులు నిక్కబొడుచుకున్న క్షణంలో ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటో తీసి పంపండి. అప్పుడు కూడా కొనలు కలవకపోతే అది అసలు మార్వారీ కాదు. కాళ్లు బాగా పొడవుగా, ఒళ్లు సన్నగా కనిపిస్తోంది కనుక రేసు గుర్రాల రక్తం కలిసి ఉండవచ్చని నా అనుమానం. బెంగళూరు, చెన్నై రేసుల నుంచి తప్పించిన గుర్రాలు చేతులు మారి మన వైపు వస్తుంటాయి. మెడలో మైక్రోచిప్ ఉందేమో పశువైద్యుడితో యంత్రం పెట్టి చూపించండి.

ఆంధ్రప్రదేశ్‌కు గుర్తింపు పొందిన గుర్రపు జాతి అంటూ ఏదీ లేదు. తల్లిదండ్రుల వివరాలతో నమోదు పత్రం ఉంటే తప్ప 'సంకరం' అనో 'జాతి నిర్ధారణ కాలేదు' అనో రాయండి. అలా రాయడానికి చాలామంది రైతులు చిన్నబుచ్చుకుంటారు. కానీ కాగితంలో మార్వారీ అని ఉండి ఎదురుగా ఉన్న గుర్రం మార్వారీ కాకపోతే, పరిహారం అడిగే రోజున ఇబ్బంది పడేది మీరే.

దీని రంగు విషయంలో సందేహం లేదు. ఎర్ర ఒళ్లు, నల్ల జూలు, నల్ల తోక, మోకాళ్ల కింద నలుపు ఉంటే వ్యాపారులు కుమైత్ అంటారు. జూలు, తోక కూడా ఎర్రగానే ఉంటే అది వేరే రంగు, సురంగ్. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి: రెండు గుర్రాలకూ సబ్బుతో స్నానం చేయించండి. 2022లో పంజాబ్‌లో లక్షలు పోసి కొన్న నల్ల గుర్రం ఇంటికొచ్చి స్నానం చేశాక ఎర్రగా తేలింది.

ఇక సుడి. పెద్దవాళ్ల మాటను నేను చులకన చేయను. కానీ వెంట్రుకల సుడికీ, ఇంటి మంచిచెడ్డలకూ సంబంధం లేదు. మన వేలిముద్రల్లాగే గుర్రానికీ గుర్రానికీ సుడులు ఉన్న చోటు మారుతుంది, వయసుతో చెరిగిపోదు. దొంగతనం జరిగినప్పుడు ఇది నా గుర్రమే అని నిరూపించేది ఆ సుడే. నుదుటి మీద, మెడకు రెండు వైపులా ఎక్కడెక్కడ సుడులున్నాయో బొమ్మ గీసి గుర్తు పెట్టండి. నుదుటి చుక్క, ముఖం మీద నామంలా దిగిన తెల్ల చార, ఏ కాలికి ఎంతవరకు తెలుపు ఉందో కూడా రాయండి. వెనక కాళ్లు రెండే తెల్లగా ఉన్న ఈ గుర్రాన్ని పంచకల్యాణి అని ఎవరన్నా అంటే నమ్మకండి. దానికి నాలుగు కాళ్లూ, ముఖమూ తెల్లగా ఉండాలి.

కంచర గాడిదకు జాతి ఉండదు. మగ గాడిదకూ ఆడ గుర్రానికీ పుట్టిన పిల్ల అది. గుర్రానికి 64, గాడిదకు 62 క్రోమోజోములు కాగా దీనికి 63 ఉంటాయి. అందుకే దాదాపు ఎప్పుడూ సంతానం కలగదు. అయినా మగది విత్తులు కొట్టించనిదైతే మొండికేస్తుంది, ఆడ గుర్రాల పక్కన అసలు కట్టలేం. మీ రెండింటిలో మగది ఉంటే పశువైద్యుడికి చూపించండి. జాతి గడిలో 'కంచర గాడిద' అని రాస్తే చాలు.

బూడిద రంగు దాని వెంట్రుకలను దగ్గరగా చూడండి. ప్రతి వెంట్రుకా బూడిద రంగులోనే ఉండి, వెన్ను పొడవునా నల్ల చార, మూపు మీద అడ్డంగా మరో చార ఉంటే అది గాడిద తండ్రి నుంచి వచ్చిన రంగు, మారదు. తెల్ల, నల్ల వెంట్రుకలు కలగలిసి ఉంటే తల్లి గుర్రం నుంచి నెరుపు వచ్చిందన్నమాట. నాలుగైదేళ్లలో అది తెల్లబడవచ్చు, అప్పుడు కాగితంలో రంగు సరిపోలడం లేదనే పేచీ వస్తుంది. ఇప్పుడే 'నెరుస్తున్నది' అని రాయించండి.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సిన పని మరొకటి ఉంది. నాలుగింటికీ రక్త పరీక్ష చేయించారా? బయటి నుంచి వచ్చిన గుర్రాలు, కంచర గాడిదలతో గ్లాండర్స్ వ్యాధి రావచ్చు. అది మనుషులకూ సోకుతుంది, ప్రాణం తీస్తుంది. ముక్కు నుంచి చిక్కని చీమిడి, కాళ్ల మీద వరుసగా గడ్డలు, పుండ్లు కనిపిస్తే చేతులతో ముట్టుకోకుండా వెంటనే పశువైద్యశాలకు తెలపండి. అలా తెలపడం చట్టప్రకారం తప్పనిసరి. పైకి ఆరోగ్యంగా ఉన్నా రక్త నమూనాలు తీయించండి. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో ఈ పరీక్ష చేస్తారు, మీ మండల పశువైద్యుడి ద్వారా పంపవచ్చు. ఫలితం వచ్చేవరకు కొత్తవాటిని ఊళ్లోని ఇతర గుర్రాలకూ గాడిదలకూ దూరంగా కట్టండి, నీళ్ల తొట్టి, కళ్లెం, బ్రష్ వేరుగా ఉంచండి, ఊరేగింపులకు ఒప్పుకోకండి.