741లో గ్రౌండ్ పిన్ను కోసం వెతకకండి

741 ఆప్ ఆంప్ (సిగ్నల్‌ను పెంచే ఆపరేషనల్ ఆంప్లిఫైయర్ ఐసీ) పిన్నుల పటంలో గ్రౌండ్ కనిపించడం లేదు, అది 4వ పిన్నేనా అని అడిగారు. కాదు, 4 మైనస్ సరఫరా పిన్ను. ఆ ఐసీకి గ్రౌండ్ పిన్నే లేదు. పాలిటెక్నిక్ ల్యాబులో ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాక నాకీ సంగతి తెలిసింది.

అంతకుముందు కొన్ని నెలలు 7400 లాంటి డిజిటల్ ఐసీలతోనే గడిచాయి. వాటిలో ఎడమ వరుస చివరిదైన 7వ పిన్ను గ్రౌండ్. చేతికి అదే అలవాటు. 741ను గాటు పైకి ఉండేలా బ్రెడ్‌బోర్డులో గుచ్చి, ఎడమ వరుసలో పైనుంచి కిందికి 1 నుంచి 4, కుడి వరుసలో కిందినుంచి పైకి 5 నుంచి 8 లెక్కపెట్టాను. అంతవరకు తప్పు లేదు. ఇన్‌పుట్ అయిన 2వ పిన్నుకు 1 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా సిగ్నల్, అవుట్‌పుట్ అయిన 6 నుంచి 2కు 10 కిలో ఓముల రెసిస్టర్, 3 గ్రౌండుకు, 7కు +15 వోల్టులు. ఎడమ వరుస చివరిది కాబట్టి 4నూ గ్రౌండుకే కలిపాను.

ఆసిలోస్కోప్ తెరపై గీత బిగుసుకుపోయింది. సిగ్నల్ ఎంత పెంచినా చలనం లేదు. ఐసీ మార్చాను, మళ్లీ మార్చాను. మూడోదీ పోయిందనుకుని స్టోరుకు బయలుదేరుతుంటే ల్యాబ్ అసిస్టెంటు గారు వచ్చి, 4 దగ్గరి నల్ల తీగ పీకి −15 వోల్టుల దగ్గర గుచ్చారు. అర వోల్టు అల 5 వోల్టుల ఎత్తుకు లేచి, తలకిందులుగా తెర మీద నిలిచింది. "ఆ తీసి పెట్టినవి రెండూ బాగానే ఉన్నాయి బాబూ, పారేయకు" అన్నారు.

ఆప్ ఆంప్ చూసేది 2, 3 పిన్నుల మధ్య తేడానే. గ్రౌండును మనమే బయట ఏర్పరచుకోవాలి. రెండు 9 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపితే, ఒకదాని ప్లస్సు, రెండోదాని మైనస్సు కలిసే చోటే గ్రౌండ్. మిగిలిన రెండు కొసలు 7కు, 4కు వెళ్తాయి. 741 ఇన్‌పుట్లు మైనస్ సరఫరా కంటే కొంత పైన ఉంటేనే పనిచేస్తాయి. నేను 3నూ 4నూ ఒకే చోట కట్టేశాను, ఇక గీత ఎలా కదులుతుంది? LM358 అనే మరో ఐసీలో అయితే 4ను గ్రౌండుకు కలపవచ్చు. కానీ అందులో రెండు ఆప్ ఆంప్‌లు ఉంటాయి, ప్లస్ సరఫరా 8కి వెళ్తుంది. 741 తీసిన చోట దాన్ని గుచ్చితే పని జరగదు.

నా కోపమంతా పాఠ్యపుస్తకాల మీద. ఆప్ ఆంప్ గుర్తుగా త్రిభుజం గీసి, సరఫరా తీగలు రెండూ వదిలేస్తారు. వైవాలో మాత్రం దేనికీ కలపని 8వ పిన్ను గురించి అడుగుతారు! 1, 5 పిన్నుల సంగతి మరీ అన్యాయం. అవుట్‌పుట్‌ను సున్నాకు సర్దడానికి వాటి మధ్య 10 కిలో ఓముల పాట్ (తిప్పి విలువ మార్చే మూడు కాళ్ల రెసిస్టర్) పెడతాం. దాని మధ్య కాలు వెళ్లేది 4కు, గ్రౌండుకు కాదు. ఈ ముక్క గట్టిగా చెప్పేవారే లేరు.

మీరు సిగ్నల్ ఇచ్చే ముందు మీటరు నల్ల ముల్లు గ్రౌండు మీద ఉంచి, ఎర్ర ముల్లుతో 7ను, తర్వాత 4ను తాకండి. ఒకచోట +15, రెండోచోట −15 కనిపించాలి (9 వోల్టుల బ్యాటరీలైతే +9, −9). 4 దగ్గర సున్నా వస్తే ఐసీని తిట్టకండి, తీగ మార్చండి.